యాభై గజాల గీత దాకా

ముందు చొక్కా కనబడింది. నీలం రంగు కొత్త చొక్కా, పొట్లంలోంచి అప్పుడే తీసి తొడుక్కున్నట్టు ఛాతీ మీద అడ్డంగానూ నిలువుగానూ మడత గీతలు. ఇస్త్రీ పెట్టకుండా ఎలా వేసుకొచ్చాడీ మనిషి, అనుకుంది రోండా, ఊరూ పేరూ తెలియనివాడి గురించి అనుకున్నట్టే. తర్వాత చొక్కా పైన మెడ, మెడ పక్కన చెవి, చెవి చుట్టూ పొట్టిగా కత్తిరించిన జుట్టు. జుట్టు నెరిసిందే, అనుకుంది. అనుకున్నాక గానీ తట్టలేదు, నెరవకముందు ఆ జుట్టు ఎలా ఉండేదో తనకి తెలుసునని. స్కూలు మైదానం గేటు దగ్గర, టికెట్లు చింపే బల్ల పక్కన, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక నిలబడ్డవాడు క్లింట్. ఆమెతో పదేళ్ళు కాపురం చేసిన క్లింట్. ఎనిమిదేళ్ళ జైలు పూర్తిచేసుకుని ఆగస్టులో బయటికొచ్చాడని స్నేహితురాలు షెరిల్ చెప్తే "అలాగా" అని ఊరుకుంది రోండా, మందులషాపు కౌంటరు మీది సీసాలన్నీ తీసి తుడిచి మళ్ళీ పెట్టింది, ఆ విషయం అక్కడితో అయిపోయిందనుకుంది. ఊళ్ళో ఎక్కడా ఎదురుపడలేదు. నది ఎగువన వాళ్ళక్క ఇంట్లో ఉంటున్నాడని విన్నది. అక్కడే ఉంటాడనుకుంది, జైల్లో ఉన్నట్టే. ఇప్పుడు చూస్తే అతను నడిచి వస్తున్నాడు. ఇటే. బ్యాండు పిల్లలు తల్లిదండ్రులతో వరసగా నిలబడ్డ ఈ వైపుకే, ఆమెకేసే, ఆమె పక్కనున్న పిల్లకేసే. మైదానం దీపాలు అప్పుడే వేశారు, ఇంకా పొద్దు గుంకలేదు, ఆ రెండు వెలుగుల మధ్య అతని ముఖం కాగితంలా ఉంది. పాప్‌కార్న్ వాసన వస్తోంది. ఎవరో డప్పు మీద వేళ్ళు ఆడిస్తున్నారు. ఇవన్నీ ఎందుకు వినబడుతున్నాయో, తన ఊపిరి మాత్రం ఎందుకు వినబడడం లేదో ఆమెకి తెలియలేదు.

"అమ్మా," అంది మెకేలా, ఆమె మోచెయ్యి పట్టుకుని. "కోప్పడకు. నేనే రమ్మన్నాను."

పదిహేడేళ్ళ పిల్ల. మెరూన్ రంగు యూనిఫారం, బంగారు అంచులు, మెడ దాకా బిగించిన కాలరు, చంకలో ఈకల టోపీ. ఆ కాలరు హుక్కు తనే కుట్టింది, నిన్న సాయంత్రం, ఊడిపోతుందేమోనని రెండుసార్లు. ఆఖరి సంవత్సరం పిల్లలకి ఇవాళ వీడ్కోలు సాయంత్రం. ఫుట్‌బాల్ ఆట మొదలవకముందు ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలుస్తారు, పిల్లలు చెరో పక్కన తల్లినీ తండ్రినీ పెట్టుకుని మైదానం మధ్యన ఉన్న యాభై గజాల గీత దాకా నడుస్తారు, అక్కడ బ్యాండు మాస్టారు వాళ్ళతో చెయ్యి కలుపుతారు, తల్లికి ఒక చామంతి ఇస్తారు. అంతే. ఊరు ఊరంతా చప్పట్లు కొడుతుంది. రోండా ఈ రోజు కోసం రెండు నెలల క్రితం చెప్పులు కొనుక్కుంది. మరో పక్కన ఎవరు నడుస్తారని పిల్లని అడిగితే "చూద్దాంలే" అంది. షెరిల్ వస్తుందేమో, పెద్దమామయ్య వస్తాడేమో అనుకుంది. చూద్దాంలే అంటే ఇదా?

"సార్‌కి తెలుసా?" అంది.

"తెలుసు. ఆగస్టులోనే అడిగాను."

"ఏమన్నారు?"

"ముందు ట్రాంబోన్‌కి నూనె వెయ్యమని చెప్పి వెళ్ళిపోయారు. తర్వాతెప్పుడో పిలిచి, ఇది నీ రోజు, నీ ఇష్టం అన్నారు."

"నన్నడగలేదేం?"

పిల్ల తల దించలేదు. "నువ్వు వద్దంటావని."

వద్దనే అనేది. వంద సార్లు అనేది. ఇప్పుడయినా అనొచ్చు, పూలు నింపిన బకెట్టు పక్కనే ఉంది, తన్నేసి పోవచ్చు, కానీ కాళ్ళు ఎవరివో అయిపోయాయి. క్లింట్ వచ్చి పిల్లకి అవతలి పక్కన నిలబడ్డాడు. "రోండా," అన్నాడు. అంతే అన్నాడు. సబ్బు వాసన. ఎనిమిదేళ్ళ క్రితం ఆఖరుసారి చూసినప్పుడు కోర్టులో, నారింజ రంగు బట్టల్లో, అప్పుడూ ఇదే వాసన, ఖైదీలకి అంత సబ్బు ఎందుకిస్తారా అనుకుంది. ఎంత పిచ్చి ఆలోచనలొస్తాయో మనిషికి, పిడుగు పడ్డచోట నిలబడి చెప్పులకి మట్టయిందా అని చూసుకున్నట్టు. అంతకు ముందు, కబురొచ్చిన రోజు కూడా అంతే కదా. బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. షెరీఫ్ ఆఫీసు కుర్రాడు, తనతో పాటు ఎనిమిదో తరగతి చదివినవాడే, టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి "క్లింట్ బతికే ఉన్నాడు" అన్నాడు. బతికే ఉన్నాడు అంటే చచ్చిపోయిందెవరు? అది అడగడానికి ఎంత సేపు పట్టిందో. కుర్రాడు చెప్పినప్పుడు ఆమె చేతిలోని దుంప నీళ్ళలో వేసి, చేతులు తుడుచుకుని, "లేదు, ఆవిడ ఇవాళ యూనిఫారాలు తేవడానికి పట్నం వెళ్ళారు" అంది, అదేదో సాక్ష్యమైనట్టు. అవును, యూనిఫారాలు తెస్తూనే. నది రోడ్డు మలుపులో, సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే, తాగి ఉన్న క్లింట్ పికప్పు ట్రక్కు మధ్య గీత దాటి అవతలి వైపుకి పోయింది. ఆవిడ కారు వెనక సీట్లో ఉతికించిన బ్యాండు బట్టలు, కొత్త టోపీ ఈకల పెట్టెలు. రోడ్డంతా తెల్లటి ఈకలట. ముందు వచ్చినవాళ్ళు ఏదో పెద్ద పక్షిని గుద్దాడనుకున్నారట. గాలికి అవి నది మీదికి కూడా పోయాయట. చూడకపోయినా రోండాకి అది చూసినంత బాగా తెలుసు.

లినెట్ ప్రూయిట్. బ్యాండు మాస్టారు ప్రూయిట్ సార్ భార్య. చంపింది ఎవరు? సార్ బ్యాండులోనే నాలుగేళ్ళు వాయించినవాడు, కొండచిలువలా ఒంటికి చుట్టుకునే ఆ పెద్ద ఇత్తడి సూసాఫోన్‌ని బొమ్మలా ఎత్తుకు తిరిగిన క్లింట్, ఆవిడ చేత్తో భుజాలు కొలిపించుకున్నవాడు. "నీకు సరిపడా బట్ట ఈ జిల్లాలో దొరకదురా" అని ఆవిడ నవ్వేది, నోట్లో గుండుసూదులు పెట్టుకునే. అప్పుడు రోండా జెండాల వరసలో ఉండేది, వెనక నుంచి అతని మెడ చూసేది, బాకా కింద నలిగిపోయి ఎర్రగా కందిన మెడ. బస్సులో అతని పక్కన కూర్చుంది ఓ రాత్రి, ఓడిపోయిన ఆట నుంచి తిరిగొస్తూ, కిటికీ అద్దం మీద అతను వేలితో ఏదో బొమ్మ గీశాడు, అది ఏనుగో ఓడో ఇద్దరికీ తేల్లేదు. వాళ్ళ పెళ్ళికి సార్ వచ్చారు, లినెట్ పియానో వాయించింది. ఎవరికి చెప్పుకోవాలి ఇది? తెలియనివాళ్ళని చంపడం ఒకటి. ఆ ఊళ్ళో తెలియనివాళ్ళే లేరు.

వరస కదిలింది. మైకులో గొంతు పిల్లల సంగతులు చదువుతోంది, వాళ్ళు రాసిచ్చినవే, బ్యాండులోకి ఎలా వచ్చారు, ఏది మరిచిపోరు అని. ఒకడు మా బామ్మకి చెవుడు, అందుకే ఇంట్లో డ్రమ్ము వాయించుకోనిచ్చింది అని రాశాడు, గ్యాలరీ అంతా నవ్వింది. ఒక అమ్మాయి తన క్లారినెట్ అమ్మమ్మది అని, అమ్మమ్మ పంటి గాటు దాని నోటి దగ్గర ఇంకా ఉందని, సరిగ్గా అక్కడే తన పన్ను ఆనుతుందని రాసింది. ఇంకొకడు, నాన్న పనిచేసే గని మూసేశాక ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు, బ్యాండు గదిలో చప్పుడుండేది, అందుకొచ్చాను అన్నాడు. దానికి ఎవరూ నవ్వలేదు, కాసేపాగి చప్పట్లు కొట్టారు. రోండా కూడా కొట్టింది. చేతులు వాటంతటవే కొడుతున్నాయి. ఇన్నేళ్ళూ ఈ పిల్లల చంకలు బిగించి, అంచులు దింపి, పిరుదుల దగ్గర చిరుగులు కుట్టి, ఇంత మందికి ఇన్ని కథలున్నాయని ఆమెకి తెలియదే. తన పిల్ల ఏం రాసిందో? ఏం రాసి ఉంటుంది? ఊరందరి ముందూ మైకులో? గ్యాలరీ కేసి చూడకూడదనుకుంటూనే చూసింది. ముందు మెట్ల మీదివాళ్ళు ఇంకా చూడలేదు. మధ్య వరసలో ఒకావిడ మొగుడి తొడ మీద తట్టి చూపించింది. అతను పక్కవాడికి చెప్పాడు. గాలి గోధుమ చేలో నుంచి పోయినట్టు తలలు ఇటు తిరుగుతూ వస్తున్నాయి, వరసలు వరసలుగా, ఆ తిరిగిన చోటల్లా మాట ఆగిపోతోంది.

ఆరో తరగతిలో వాయిద్యాలు ఎంచుకునే రోజున ఆమె కారులోంచి దిగలేదు. అంతకు ముందు వారమంతా పిల్లని బతిమాలింది, బొమ్మలెయ్యడం నేర్చుకో, బాస్కెట్‌బాల్ ఆడు, దేవుడి దయవల్ల ఇంత పొడుగున్నావు కదా. వినలేదు. స్కూల్లో ఇంకో బ్యాండు మాస్టారు లేరు. శాడ్లర్ అనే ఇంటిపేరు చదివి ఆయన ముఖం ఎలా అయిపోతుందో ఊహించుకుంటూ స్టీరింగు పట్టుకుని కూర్చుంది. గంట తర్వాత పిల్ల ఎగురుతూ వచ్చింది. "అమ్మా, సార్ నా చేతులు కొలిచారు! ఇంతేసి చేతులు వృథా పోకూడదు, గొట్టం చాచి వాయించే ట్రాంబోన్ తీసుకో అన్నారు." అంతేనా? అంతే. ఇంకేమన్నా అన్నారా? ఏమంటారు? ఆ రాత్రి రోండా స్నానాల గదిలో తలుపేసుకుని టువాలు నోట్లో కుక్కుకుంది. మర్నాడు బ్యాండు గదికి వెళ్ళి, యూనిఫారాలు కుట్టడానికి ఎవరైనా కావాలా అని అడిగింది. ఆయన చాలాసేపు కిటికీలోంచి చూసి, బీరువా తాళం తీసి, లినెట్ కుట్టుమిషను మీది గుడ్డ తొలగించారు. "పెడలు కొంచెం పట్టేస్తుంది" అన్నారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆయన ఆమెతో మాట్లాడిందల్లా "థాంక్స్ రోండా", "ఇది పొట్టయింది రోండా", "వర్షం వచ్చేలా ఉంది రోండా". పాత కోట్ల లోపల లినెట్ చేతిరాతతో పిల్లల పేర్లు ఉండేవి, రోండా వాటి మీద కొత్త పేర్ల పట్టీలు కుట్టేది కాదు, పక్కన కుట్టేది. ఆ పక్కన కుట్టడం అనేదే తను ఆయనకి చెప్పగలిగిన మాట. ఆయన చూశారో లేదో. ఇన్నేళ్ళు, ఒక్కో దారప్పోగుగా, ఏదో ఒకటి నిలబెట్టుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఈ పిల్ల, ఈ మడతల చొక్కా మనిషిని తీసుకొచ్చి...

"మెకేలా శాడ్లర్, ట్రాంబోన్," అంది మైకు. "వెంట తల్లి రోండా టాకెట్, తండ్రి క్లింట్ శాడ్లర్."

నడుస్తున్నారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. పచ్చగడ్డి మీద కొత్త చెప్పుల మడమలు దిగబడుతున్నాయి. అంతకు ముందు ప్రతి పిల్లకీ పుట్టిన చప్పట్లు ఇప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి రాలి ఆగిపోయాయి. షెరిల్ ఒక్కతే కొడుతోంది, ఆ మొండి చేతుల చప్పుడు రోండాకి తెలుసు, దేవుడా ఆపవే అనుకుంది, ఆపకే అనుకుంది. మైకులో చదివేవాడు గొంతు సవరించుకున్నాడు. "మెకేలా మరిచిపోలేని సంగతి: ఆరో తరగతిలో సార్ నా చేతులు కొలిచిన రోజు. నా ఇంటిపేరు చదివి, తల ఎత్తి చూసి, సరిగ్గా పలికానా అని అడిగారు. నేను సరిగ్గానే పలికారు అన్నాను. ఆ తర్వాత ఎప్పుడూ నా ఇంటిపేరు చెప్పుకోవడానికి భయం వెయ్యలేదు." పిల్ల ఈ మాట ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. భయమా? ఎనిమిదేళ్ళ వయసు నుంచీ? స్కూలు బస్సులో, పుట్టినరోజు పార్టీల్లో? రోండా కాపురం తెగతెంపులు చేసుకుని తన పుట్టింటి పేరుకి మారిపోయింది, ఎంత తేలిగ్గా, కోటు విప్పి తగిలించినట్టు, ఆ పిల్లని ఆ పేరులో ఒంటరిగా వదిలేసి. ఇది కూడా ఇప్పుడే, ఈ గడ్డి మీదే తెలియాలా? పిల్ల చెయ్యి తన చేతిలో చల్లగా, తడిగా ఉంది, కానీ అడుగు మాత్రం తప్పడం లేదు, బ్యాండు అడుగు, మడమ ముందు, వేళ్ళు తర్వాత. అవతల క్లింట్ అడుగూ అంతే. పాతికేళ్ళయినా కాళ్ళు మరిచిపోలేదు. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే తన కుటుంబం సరైన అడుగులో నడుస్తోందని ఆమె గమనించింది, గమనించినందుకు సిగ్గుపడింది.

ప్రూయిట్ సార్ గీత మీద నిలబడి ఉన్నారు. నల్ల సూటు, మెరూన్ టై. మెకేలాని ముందు కౌగిలించుకున్నారు, ఆ పిల్ల ఆయన కంటే పొడుగు. తర్వాత రోండా చేతికి చామంతి ఇచ్చి, చెయ్యి కలిపారు, వేళ్ళు మంచులా ఉన్నాయి. తర్వాత క్లింట్. క్లింట్ చెయ్యి సగం దాకా లేచి, అక్కడ ఆగి, దారి తప్పినదానిలా వెనక్కి పోయి ప్యాంటు పక్కన అతుక్కుంది. సార్ చేతులు రెండూ కిందే ఉన్నాయి. ఒకళ్ళ ముఖంలోకి ఒకళ్ళు చూసుకున్నారు. నది మీద బొగ్గు పడవల కూత వినబడింది, ఎక్కడో చాలా దూరం. ఇప్పుడు కొడతారు, అనుకుంది రోండా. కొట్టాలి. కొడితే బావుణ్ణు, ఇది అయిపోతుంది.

"క్లింట్," అన్నారు ఆయన. "నీ కూతురు ఒక్క రోజు కూడా ప్రాక్టీసు మానలేదు."

"అవున్సార్," అన్నాడు క్లింట్. పదిహేనేళ్ళ కుర్రాడి గొంతుతో అన్నాడు.

సార్ తల తిప్పి తర్వాతి కుటుంబం కేసి చూశారు. అంతే, అయిపోయింది, వాళ్ళు పక్కకి నడవాలి, నడిచారు. అయిపోయిందా? తొమ్మిదేళ్ళు భయపడింది ఇంతేనా? పిల్ల ట్రాంబోన్ కోసం పరిగెత్తింది. క్లింట్ గ్యాలరీ ఎక్కలేదు, కంచె పట్టుకుని ఒక మూల నిలబడ్డాడు, అతని చుట్టూ జనం మెల్లగా జరిగి, వర్షంలో కారు కింద పొడి నేల మిగిలినట్టు, ఖాళీ ఏర్పడింది. రోండా మెట్లెక్కింది. షెరిల్ కాస్త జరిగి, ఏమీ అడక్కుండా, వేడి కోకో గ్లాసు చేతిలో పెట్టింది. జాతీయగీతం అయింది. ఆట మొదలైంది. ఎవరో ఎవరినో పడేశారు, ఎవరో ఈల వేశారు. చామంతి కాడ ఆమె చేతిలో నలిగి పచ్చిగా వాసనేస్తోంది. మనిషి ఇంతసేపు ఉలిక్కిపడుతూనే ఉండగలడా, ఒక ఉలికిపాటు ఆగకుండా ఇలా సాగగలదా? లినెట్‌కి ఎంతసేపు పట్టి ఉంటుంది? ఛీ. పడేయ్ ఆ ఆలోచన. ఎదర బంతి అటు పోయింది, ఇటు వచ్చింది.

నీడ పడితే తలెత్తింది. బెవర్లీ. లినెట్ చెల్లెలు. బ్యాంకులో పనిచేస్తుంది, వారం వారం రోండా చెక్కు తీసుకుని, డబ్బిచ్చి, ఒక్కసారి కూడా కళ్ళెత్తి చూడని మనిషి. ఇప్పుడు కళ్ళలోకి చూస్తోంది. మోకాళ్ళ మీద కప్పుకునే దుప్పటి గుండెలకి హత్తుకుని ఉంది.

"ఇది నీ పనేనా?" అంది. గట్టిగా కాదు. "వాణ్ణి ఆయన ఎదురుగా తెచ్చి నిలబెట్టింది నువ్వేనా, ఆ పిల్లా?"

చుట్టూ మూడు వరసలు చెవులయ్యాయి. నాకేమీ తెలియదు బెవర్లీ, నేనూ ఇప్పుడే చూశాను. ఇదే కదా నిజం. నాలుక చివరే ఉంది. చెప్తే బెవర్లీ ఆమెని వదిలేస్తుంది, ఊరు ఆమెని వదిలేస్తుంది, ఇంతకాలం కుట్టిన కుట్లన్నీ భద్రంగా ఉంటాయి. అప్పుడు ఆ కళ్ళు గ్యాలరీ దిగువన, డ్రమ్ముల ముందు, టోపీ సర్దుకుంటున్న పొడుగు చేతుల పిల్ల మీదికి తిరుగుతాయి.

"నేనే," అంది రోండా. "నేనే రమ్మన్నాను."

ఎవరన్నారు ఆ మాట? పక్కన షెరిల్ "రోండా!" అంది, నోరు తెరిచి. బెవర్లీ దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది. "నిన్ను మా అక్క కూతురిలా చూసింది," అంది, తిరిగి మెట్లు దిగింది, ఆట వైపు చూడకుండా, గేటు దాటి వెళ్ళిపోయింది. రోండా కోకో తాగింది. నాలుక కాలింది. కాలనీ. అబద్ధమాడింది, జీవితంలో ఇంత పెద్దది ఆడలేదు, అది నోట్లోంచి ఇంత మామూలుగా ఎలా వచ్చిందో, అన్నం తిన్నావా అంటే తిన్నాను అన్నట్టు. భయపడుతూ తడుముకుంది లోపల, ఎక్కడైనా బాధగా ఉందేమోనని. ఉంది. కానీ అబద్ధమున్న చోట కాదు.

సగం ఆట విరామానికి బ్యాండు దిగేముందు ఎవరో పరిగెత్తుకొచ్చారు, ఒక కుర్రాడి ప్యాంటు జిప్పు ఊడిపోయింది, పిన్నీసు కావాలని. రోండా సంచీ తీసుకుని కిందికెళ్ళి వాణ్ణి నిలబెట్టి పిన్ను పెట్టి తోలేసింది. పిల్లలు వరసలు కట్టి మైదానంలోకి పోతున్నారు. తెల్ల ఈకలు ఒక్కసారిగా దీపాల కింద ఊగాయి. ఆమె ఎప్పుడూ ఆ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంటుంది, ఇవాళా మూసుకుంది. తెరిచేసరికి మాస్టారు ఉండాల్సిన చోట, మైదానం అంచున, ఆయన లేరు. వాయిద్యాలు మోసే లారీ వెనక ఏదో నల్లగా కదిలింది. ముందు పోల్చుకోలేకపోయింది. లారీ వెనక ఇనప మెట్టు మీద ఆయన కూర్చుని ఉన్నారు. టై లాగేసి ఉంది. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని, విరిగిందేమో అన్నట్టు ఒళ్ళో పెట్టుకుని, నోరు తెరిచి, చప్పుడు లేకుండా ఏడుస్తున్నారు. పెద్ద మగమనిషి, ముప్పై ఏళ్ళుగా ఈ ఊరి పిల్లల మీద అరిచిన మనిషి, ఒక్క చప్పుడు లేకుండా. రోండాకి పారిపోవాలనిపించింది.

"సార్," అంది.

"లేవలేదు రోండా," అన్నారు ఆయన. "ఆ చెయ్యి లేవలేదు. ఆగస్టు నుంచీ అనుకుంటున్నాను, ఇస్తాను, ఇచ్చేస్తాను అని. అద్దం ముందు నిలబడి కూడా చూసుకున్నాను, నవ్వొస్తుంది నీకు. వాడు ఎదురుగా వచ్చాడు. అది నాది కానట్టు వేలాడిపోయింది."

"మీరు ఇవ్వక్కర్లేదు సార్."

"పిల్ల అడిగింది కదా."

"అది పిల్ల సార్. పిల్లలు అడుగుతారు. మీరు ఇవ్వక్కర్లేదు. ఎప్పటికీ ఇవ్వక్కర్లేదు."

ఇన్నేళ్ళలో ఆమె ఆయనతో అన్న అతి పొడుగాటి మాట అదే. ఆయన తల ఎత్తి చూశారు, ఆమె ఎవరో అప్పుడే తెలిసినట్టు. మైదానంలో డ్రమ్ములు మొదలయ్యాయి, వాటి మీద బాకాలు. లారీ రేకు సన్నగా అదురుతోంది.

"లినెట్ అయితే ఇచ్చేది," అన్నారు.

"ఆవిడ ఇచ్చేది," అంది రోండా. "మీకు రాదు. నాకూ రాదు." ఆ పేరు గురించి ఇద్దరూ కలిసి మాట్లాడడం ఇదే మొదటిసారని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆయన కొంచెం జరిగారు మెట్టు మీద. ఆమె కూర్చుంది. లారీ అడ్డంగా ఉంది, మైదానం కనబడడం లేదు, ఏడాదంతా తయారుచేసిన ఆటపాట గోడకవతలి పెళ్ళిలా వినబడుతోంది. ఒక ట్రాంబోన్ ఒంటరిగా పైకి లేచింది, నిలబడింది, జారింది, మళ్ళీ లేచింది. అది తన పిల్లదని ఆమెకి తెలుసు. ఆయనకి కూడా తెలుసు. ఎవరూ లేచి చూడలేదు. ఆయన జేబురుమాలుతో ముఖం తుడుచుకుంటూ అక్కడక్కడ తల ఊపారు, ఒకచోట మాత్రం పళ్ళు బిగించి "ఊఁ" అన్నారు. ఆ "ఊఁ" విని రోండాకి ఎందుకో నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఏడుపైంది, అప్పుడాయన చామంతి ఇచ్చినంత మర్యాదగా రుమాలు ఆమెకిచ్చారు.

పిల్లలు తిరిగి వస్తున్నారు, చెమటలతో, అరుచుకుంటూ. ఆయన చప్పున లేచి టై సర్దుకుని లారీ అవతలికి వెళ్ళిపోయారు, "బాకాలు తుడిచి పెట్టండిరా" అని అరుస్తూ, గొంతు ఇంకా కొంచెం తడిగానే. మెకేలా ఆయన్ని దాటి వచ్చింది. ఆయన ముఖం చూసింది, అమ్మ ముఖం చూసింది, చేతిలో రుమాలు చూసింది. అప్పటిదాకా ఆ పిల్ల ముఖంలో ఉన్న ధైర్యం చటుక్కున ఎవరో దీపం ఆర్పినట్టు పోయింది.

"అమ్మా. నేను తప్పు చేశానా?"

ఏం చెప్పాలి? తప్పే. కాదు. రెండూనూ. నీకు పదిహేడేళ్ళు, మా ముగ్గురి తొమ్మిదేళ్ళూ మూటగట్టి మైదానం మధ్యలో విప్పావు. "నీళ్ళు తాగు ముందు," అంది. పిల్ల తాగింది.

"నాన్న ఉన్నాడా? వాయించేటప్పుడు కంచె దగ్గర చూశాను, కనబడలేదు."

"చూసొస్తాను," అంది రోండా. అన్నాక ఉలిక్కిపడింది. నేనా?

కంచె దగ్గర లేడు. గేటు బయట, కార్లు ఆపే చోటు దాటి, రోడ్డు పక్కన దీపస్తంభం కింద నిలబడి ఉన్నాడు. లోపలికి వినబడేంత దూరం, ఎవరికీ అడ్డం కానంత దూరం. చొక్కా మడతలు చెమటకి కొంచెం సాగాయి.

"విన్నావా?" అంది.

"విన్నాను." అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎంత బాగా... అంత పైకి నేనెప్పుడూ వెళ్ళలేదు రోండా. మా సూసాఫోన్లది కింద గొంతు కదా."

ఆమె చుట్టూ చూసింది. "నీ బండేది?"

"బండేం లేదు. నాకు లైసెన్సు ఇంకెప్పటికీ ఇవ్వరు."

"మరెలా వచ్చావ్?"

"నడిచి."

వాళ్ళక్క ఇంటి నుంచి ఊళ్ళోకి ఒక్కటే దారి. నది రోడ్డు. ఆ మలుపు. ఆ మలుపులో లినెట్ పేరుతో తెల్ల శిలువ, దాని చుట్టూ బెవర్లీ ఏటా నాటే బంతిపూలు. కొత్త చొక్కా తొడుక్కుని దాని పక్కనుంచి నడిచి వచ్చాడు. ఇప్పుడు చీకట్లో దాని పక్కనుంచే నడిచి పోతాడు. ఆమె లోపల కదిలింది జాలి కాదు, క్షమించడం అసలే కాదు, దానికి ఆమె దగ్గర పేరు లేదు. లోపల జనం ఒక్కసారిగా అరిచారు, ఎవరో గీత దాటినట్టున్నారు. ఆమె వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసింది. ఆగింది.

"ఆట అయ్యేదాకా ఇక్కడే ఉండు," అంది, అతనికేసి చూడకుండా. "దింపుతాను. వెనక సీట్లో కూర్చో."